తిరుపతి నుంచి చేప శిలాజాలు చూసేదానికి యాడికి పోవాలి?

స్వర్ణముఖి
ఇంటర్ బైపీసీ పిల్లలు పన్నెండుమంది, లెక్చరర్లు ఇద్దరు. సంక్రాంతి సెలవులు అయిపోయినాక రెండు రోజులు చేతిలో ఉంటాయి. చేప శిలాజం నేలలో, పుట్టిన చోటే ఎట్లుంటుందో పిల్లలకు చూపించాలి. గాజు పెట్టెలో పెట్టింది కాదు. తిరుమల కొండల్లోనే దొరుకుతాయని ఒకరు, తలకోనలో చేప పొలుసుల బండ ఉందని ఇంకొకరు చెప్తున్నారు. ఇది నిజమేనా? కాకపోతే దగ్గర్లో ఏ చోటు ఉంది, ఏం తీసుకుపోవాలి, ఏం జాగ్రత్తలు పడాలి? తెలిసినోళ్ళు వివరంగా రాయండి.

రాతిపొర
తిరుమల కొండల్లో చేప శిలాజం ఉండదమ్మా. వెతికినవాళ్ళు సరిగా వెతకలేదని కాదు, ఆ రాయి వయసు అలాంటిది.

ఘాట్ రోడ్డు కోతలో కింద గ్రానైటు, దాని మీద పరుపులు పరుపులుగా క్వార్ట్‌జైటు (ఇసుకరాయి బాగా గట్టిపడి మారిన రాయి) కనిపిస్తాయి. కింది రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు, పైది సుమారు 160 కోట్ల ఏళ్ళు. రెండూ కలిసే గీత దగ్గర సుమారు 80-90 కోట్ల ఏళ్ళ చరిత్ర లేనే లేదు. భూవిజ్ఞాన సర్వే సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించిన ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అదే. చేపల్లాంటి తొలి జీవులు భూమ్మీద కనిపించి 52 కోట్ల ఏళ్ళే అయింది. అంటే మన కొండ రాయి గట్టిపడ్డ వంద కోట్ల ఏళ్ళ తరువాత గానీ చేప పుట్టలేదు. శిలాతోరణానిది కూడా ఇదే క్వార్ట్‌జైటు. తలకోన కూడా అంతే.

పిల్లలకు ముందుగా నేర్పాల్సింది ఇదే. ఏ శిలాజం కోసమైనా బయలుదేరే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ రాయి వయసెంత? అది ఏ నీళ్ళలో పేరుకుంది? ఈ రెండూ తెలిస్తే సగం ఊళ్ళు ఇంట్లో కూర్చునే కొట్టేయొచ్చు.

చంద్రగిరి అబ్బాయి
మరి తలకోన దోవలో బండ మీద వరసగా పొలుసుల మాదిరి ఉంటాయి కదన్నా, అవేంటివి? ఊళ్ళో అందరూ చేప బండ అనే అంటారు.

రాతిపొర
అవి అలల గుర్తులు తమ్ముడూ. లోతు తక్కువ నీళ్ళ అడుగున ఇసుక మీద అల ముడతలు వేస్తుంది. మీద ఇంకో పొర పడి అవి అట్లే రాయిగా మారిపోతాయి. స్వర్ణముఖి నది ఎండినప్పుడు ఇసుకలో దిగి చూడు, అవే ముడతలు ఈరోజు కూడా కనిపిస్తాయి.

తేడా పట్టడం సులభం. అలల గుర్తుల్లో గీతలు బండ పొడుగునా సమానంగా సాగుతాయి, ఒక ముడతకూ ఇంకో ముడతకూ వేళ్ళ వెడల్పు దూరం ఉంటుంది. గుర్తు రంగూ బండ రంగూ ఒకటే. చేప పొలుసైతే ప్రతిదానికీ విడిగా అంచు ఉంటుంది, సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది, చుట్టూ ఉన్న రాయికంటే రంగు, మెరుపు వేరుగా కనిపిస్తాయి.

ఇంకో మోసం నాపరాళ్ళది. ఇంట్లో పరిచిన బండ చీలిక మీద నల్లగా చెట్టు కొమ్మల మాదిరి, చేప ముల్లు మాదిరి బొమ్మ కనబడుతుంది. అది మాంగనీసు ఆక్సైడు. పగుళ్ళలోకి దిగిన నీళ్ళు వదిలిన మరక, డెండ్రైట్ అంటారు. నిజమైన ముల్లుకు మందం ఉంటుంది, కీలు ఉంటుంది. మరకకు ఉండదు. పక్కనుంచి టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది: శిలాజానికి నీడ పడుతుంది, మరకకు పడదు.

కడప వైపు వేంపల్లె డోలమైటులో (సున్నపురాయి లాంటి రాయి) ప్రాణుల గుర్తులు ఉన్నాయి, కానీ అవి స్ట్రోమటోలైట్లు. సూక్ష్మజీవుల చాపలు పొర మీద పొర వేసుకుంటూ కట్టిన గుమ్మటాలు. అడ్డంగా కోస్తే ఉల్లిగడ్డ కోసినట్టు ఉంటుంది. చేపలు కాకపోయినా చూడదగ్గవే.

గట్టునేల
మీ ఊరి నుంచి రెండు రోజుల్లో పోయొచ్చే చోటు ఒకటే: తమిళనాడు పెరంబలూరు జిల్లాలోని కారై. 11 కోట్ల నుంచి 9 కోట్ల ఏళ్ళ కిందట ఆ ప్రాంతం సముద్రం అడుగు. క్రిటేషస్ కాలపు బంకమట్టి కోసుకుపోయి, మైళ్ళ కొద్దీ వంకలు, గుట్టలుగా మిగిలింది. ఒక్క పెద్ద చెట్టు ఉండదు. 1862లో బ్లాన్‌ఫర్డ్ అనే భూవిజ్ఞాని ఈ ప్రాంతపు పొరలను అచ్చులోకి ఎక్కించాడు. అప్పటినుంచీ పరిశోధకులు పోతూనే ఉన్నారు.

దారి: తిరుపతి, వేలూరు, తిరువణ్ణామలై, విల్లుపురం. అక్కణ్ణుంచి తిరుచ్చి హైవే పట్టి పెరంబలూరు దాటి పాడలూరు దగ్గర తూర్పుకు తిరగాలి. తెరణి మీదుగా కారై వస్తుంది. మొత్తం 350 కిలోమీటర్లు దాటుతుంది, మినీ బస్సులో ఏడెనిమిది గంటలు. అందుకే మొదటి రోజు తెల్లవారుజామున నాలుక్కి బయలుదేరి, మధ్యాహ్నం సాత్తనూరులో రాయిగా మారిన చెట్టు చూసి, రాత్రి పెరంబలూరులో పడుకోండి. రెండో రోజు ఉదయం ఆరున్నరకల్లా కారై వంకల్లో ఉండాలి. పదకొండుకు బయటపడాలి. రైలైతే కాట్పాడి, విల్లుపురం మీదుగా అరియలూరులో దిగొచ్చు, కానీ కారైకి మళ్ళీ బండి మాట్లాడుకోవాలి. పద్నాలుగు మందికి బస్సే మేలు.

సాత్తనూరులో పడి ఉన్న మాను పొడవు 18 మీటర్లు. దారి అడిగేటప్పుడు ఫాసిల్ అంటే ఊళ్ళో ఎవరికీ తెలియదు. ‘కల్‌మరం’ అని అడగండి, చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. మీ వైపు వాళ్ళకు తమిళంతో ఇబ్బంది ఉండదు లెండి.

స్వర్ణముఖి
చాలా సంతోషం అన్నా. కారైలో చేప మొత్తం, తల నుంచి తోక దాకా కనిపిస్తుందా? పిల్లలు అదే ఊహించుకుంటున్నారు.

పులిచెర్ల మాస్టారు
కనిపించదమ్మా. ఇది బస్సెక్కక ముందే వాళ్ళకు చెప్పేయాలి. లేకపోతే అక్కడికి పోయి ‘ఇంతేనా’ అంటారు.

కారైలో దొరికేవి ఎక్కువగా సొర పళ్ళు. సొర అస్థిపంజరం మృదులాస్థి. మన చెవి డొప్పలో వంగే గట్టి భాగం అదే. చచ్చిన కొన్నాళ్ళకే కుళ్ళి కరిగిపోతుంది. పన్ను మాత్రం అపటైటు అనే ఫాస్ఫేటు ఖనిజం, మీద ఎనామెల్ లాంటి గట్టి పూత. పైగా సొరకు పళ్ళు వరసలు వరసలుగా పుట్టి రాలుతూనే ఉంటాయి, ఒక్క సొర జీవితకాలంలో వేల పళ్ళు వదులుతుంది. అందుకని ఒక సముద్రం అడుగున సొరల కంటే సొర పళ్ళే లెక్కకు మిక్కిలి.

ఈ పొరల నుంచి శాస్త్రవేత్తలు రాసిన వాటిలో క్రెటలామ్నా, స్క్వాలికొరాక్స్, టైకోడస్ అనే సొరలు, ఎన్‌కోడస్ అనే ఎముకల చేప, ఇక్తియోసార్ అనే ఈదే సరీసృపం ఉన్నాయి. బైపీసీ పిల్లలకు టైకోడస్ పన్ను బొమ్మ ముందే చూపించండి. అది కోసే పన్ను కాదు. వెడల్పుగా, మీద గట్లు గట్లుగా, రుబ్బురోలు పొత్రంలాగా ఉంటుంది. గుల్ల జీవులను నలిపి తినే చేప అది. స్క్వాలికొరాక్స్ పన్ను అంచు చూస్తే రంపం. ఈ రెండు పళ్ళు పక్కపక్కన చూపిస్తే ఆహారపు అలవాట్ల పాఠం మళ్ళీ వేరుగా చెప్పక్కర్లేదు.

తల నుంచి తోక దాకా చేప మిగలాలంటే కదలని నీళ్ళు, అడుగున ఆక్సిజన్ కొరత, త్వరగా కప్పేసే సన్నటి బురద కావాలి. ఆక్సిజన్ ఉంటే పీతలు, పురుగులు రెండు రోజుల్లో ముక్కలు చేస్తాయి. కదిలే నీళ్ళయితే ముళ్ళు చెదిరిపోతాయి.

గట్టునేల
మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు సరి. ఇప్పుడు అక్కడ వెతకడం ఎట్లో చెప్తాను.

కాలం ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. తడిసిన కారై మట్టి సబ్బు మాదిరి జారుతుంది, చెప్పుకు కిలో కిలో అంటుకుంటుంది, వంకలో దిగినవాళ్ళు ఎక్కలేరు. మార్చి దాటితే ఎండకు నిలవలేరు. జనవరి, ఫిబ్రవరి సరైన కాలం. ఎందుకంటే అప్పుడే వానలు పైమట్టి కడిగేసి పోయుంటాయి, కొత్త ముక్కలు పైకి తేలుంటాయి. ముందు రెండు మూడు రోజుల్లో వాన పడిందేమో కనుక్కోండి. పడుంటే వాయిదా వేసుకోండి.

గుట్టల పైన వెతకొద్దు. వాననీరు మట్టిని తీసుకుపోయి బరువైనవాటిని వాలు మొదట్లో, వంక అడుగున వదులుతుంది. అక్కడ చిన్న గులకరాళ్ళ పరుపులు ఉంటాయి. ఒక్కొక్కరికి చాప వెడల్పు జాగా ఇచ్చి మోకాళ్ళ మీద కూర్చోబెట్టండి. పది నిమిషాలు ఆ చాపంత జాగానే చూడాలి, తిరక్కూడదు. నడుచుకుంటూ వెతికేవాళ్ళకు పెద్ద అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గవ్వ ఉన్న పాతకాలపు సముద్ర జీవులు) తప్ప ఏమీ దొరకవు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి సూర్యుడికి ఎదురుగా కూర్చుంటే ఎనామెల్ మెరుపు కంటికి తగులుతుంది. తొమ్మిదిన్నర దాటితే ఆ మెరుపు పోతుంది.

కానీ అక్కడ మెరిసేదల్లా పన్ను కాదు. మొదటి గంటంతా జిప్సం అనే మెత్తటి ఖనిజమే మోసం చేస్తుంది. నేలంతా అద్దం పెంకులు చల్లినట్టు ఉంటుంది. గోరుతో గీస్తే గీత పడితే జిప్సం. గోధుమరంగులో, పెన్సిలు ముక్క మాదిరి గుండ్రంగా, ఒక కొన మొనదేలి ఉంటే అది బెలెమ్నైటు. సముద్రంలోని స్క్విడ్‌కు దూరపు చుట్టం, చేప కాదు. విరిగిన చోట చూస్తే మధ్యనుంచి అంచుకు సైకిలు చక్రం పుల్లల మాదిరి గీతలుంటాయి. పన్నుకు మాత్రం రెండు భాగాలు: పైన నున్నగా మెరిసే ఎనామెల్, కింద మెరుపు లేని, సన్నటి రంధ్రాలున్న వేరు. ఈ రెండూ ఒకే ముక్కలో కలిసి కనబడితే అది పన్నే. సైజు మామూలుగా అర సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్లు. పది రెట్లు పెద్దది చేసే మడత లెన్సు ముగ్గురికొకటి చాలు. లెన్సు కంటికి ఆనించి పెట్టుకుని ముక్క దగ్గరికి వంగాలి. లెన్సును ముక్క దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు.

తలా మూడు లీటర్ల నీళ్ళు, అంచు టోపీ, ఫుల్ చేతుల చొక్కా, మడమ కప్పే బూట్లు. ఓఆర్‌ఎస్ పాకెట్లు ఇరవై. నీడ ఎక్కడా లేదు. ఆడపిల్లలు ఉంటారు కాబట్టి బస్సును వంకలకు దూరంగా వదలకండి, దారిలో బాత్రూము సౌకర్యం హైవే మీదే చూసుకోవాలి. అన్ని గుట్టలూ ఒకేలా ఉంటాయి, దారి తప్పడం నిమిషాల పని. ఎత్తైన గుట్ట మీద ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతి, అది కనబడని చోటికి ఎవరూ పోకూడదని చెప్పండి. ఫోన్‌లో బస్సు నిలిపిన చోటు గుర్తు పెట్టుకోండి.

చంద్రగిరి అబ్బాయి
సుత్తి, ఉలి, జల్లెడ తీసుకుపోతే ఎక్కువ దొరుకుతాయి కదన్నా. తలా ఒక పన్ను కాలేజీ ల్యాబుకు తెచ్చుకుంటే తప్పేముంది? ఎట్లా వానకు కొట్టుకుపోయేవే కదా.

పులిచెర్ల మాస్టారు
తప్పు ఉంది నాయనా. సుత్తి అవసరమే లేదు, అది రాయి కాదు, మట్టి. సుత్తి తీసుకుపోతే పిల్లలు అమ్మోనైట్లను పగలగొడతారు, అంతే.

పన్ను జేబులో పడిన క్షణం నుంచి అది ఏ పొరది, ఏ ఎత్తుది, పక్కన ఏముంది అన్న సమాచారం పోతుంది. అది లేని పన్ను అందమైన గులకరాయి. కారైలో కింది పొరకూ పై పొరకూ కోటి ఏళ్ళకు పైగా తేడా. ల్యాబులో సీసాలో వేసి ‘కారై’ అని చీటీ అంటిస్తే, కోటి ఏళ్ళను ఒక సీసాలో కలిపేసినట్టు.

ఫోటో తీసుకోండి, అది మూడు విధాలుగా. మొదటిది పది అడుగుల దూరం నుంచి, గుట్ట వాలు కనబడేట్టు. రెండోది నడుము ఎత్తు నుంచి. మూడోది దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి. స్కేలు లేకపోతే పది రూపాయల నాణెం, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. మూడో ఫోటోలో చేతి నీడ పడనీయకండి, అక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. నోటుబుక్కులో తేదీ, సమయం, మట్టి రంగు, పక్కన కనబడిన ఇతర శిలాజాలు రాయించండి. చూసిన పన్ను చూసిన చోటే పెట్టేయాలి.

రాతిపొర
మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. సాత్తనూరు, విల్లుపురం జిల్లాలోని తిరువక్కరై (అక్కడా రాతి చెట్లే) ప్రకటిత స్మారకాలు, అక్కడ ముక్క కదిపినా నేరం. కారైకి కూడా కాలేజీ లెటర్‌హెడ్ మీద పెరంబలూరు కలెక్టరేటుకు ముందుగా ఒక లేఖ పంపండి. ఎంతమంది, ఏ తేదీ, ఏమీ సేకరించం అని రాయాలి. ఒక ప్రతి చేతిలో ఉంచుకోండి. ఊరివాళ్ళు అడిగినా, పోలీసులు అడిగినా చూపించొచ్చు. అరియలూరు సిమెంటు కంపెనీల సున్నపురాయి గనుల్లోకి మాత్రం పిల్లలను తీసుకుపోకండి. పేలుళ్ళు జరుగుతాయి, గోడలు నిలువుగా ఉంటాయి. గనుల శిలాజాలు చూడాలనుకుంటే అదే జిల్లాలో వారణవాసి ప్రభుత్వ మ్యూజియం ఉంది.

జల్లెడ విషయం: పరిశోధకులు మట్టిని బస్తాల కొద్దీ తీసి నీళ్ళలో నానబెట్టి జల్లిస్తారు, చాలా చిన్న పళ్ళు అట్లనే దొరికాయి. అది అనుమతితో, లెక్కతో చేసే పని. రెండు గంటల టూరులో చేసేది కాదు.

గోదారి గట్టు
మొత్తం చేపే కావాలంటే తెలుగువాళ్ళకు దగ్గరి చోటు ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట. అక్కడి రాతిపొరల గుంపును ఆ ఊరి పేరు మీదే కోట ఫార్మేషన్ అంటారు. ఊరు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, సిరొంచకు పైన. కాళేశ్వరం వంతెన దాటితే సిరొంచ. తిరుపతి నుంచి వరంగల్ దాకా రైలు, అక్కణ్ణుంచి భూపాలపల్లి మీదుగా రోడ్డు. రెండు రోజుల్లో కాదు, నాలుగు రోజులు పెట్టుకోవాలి.

జురాసిక్ కాలపు సున్నపురాయి. ఇక్కడి చేపకు లెపిడోటస్ డెక్కనెన్సిస్ అని 1851లోనే పేరు పెట్టారు. పారడపీడియం, టెట్రాగోనోలెపిస్, ఇండోసీలకాంతస్ కూడా ఇక్కడివే. ఈ చేపల పొలుసు ఇప్పటి బొచ్చె పొలుసులాగా పల్చగా, గుండ్రంగా ఉండదు. డైమండు ఆకారం, మందంగా, మీద గానొయిన్ అనే ఎనామెల్ లాంటి పూత. పదిహేడు పద్దెనిమిది కోట్ల ఏళ్ళ తరువాత కూడా లక్క పూసిన కొయ్యబొమ్మ మాదిరి నిగనిగలాడుతుంది. పొలుసుకు పొలుసు కొక్కెం వేసుకుని ఉంటుంది కాబట్టే చేప చచ్చినా తొందరగా చెదరలేదు. ప్రతి రాయిలోనూ ఉండదు, నది మట్టం తగ్గిన ఎండాకాలంలోనే పొరలు బయటపడతాయి, అప్పుడు అక్కడ ఎండ భయంకరం. విడి పొలుసులు మాత్రం ఓపికగా చూస్తే కంటబడతాయి. అదే ఫార్మేషన్‌లో, ఆదిలాబాదు వైపు యామనపల్లిలో దొరికిన కోటసారస్ హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. తిరుగు ప్రయాణంలో చూసుకోవచ్చు.

సియాటిల్ మదనపల్లె
పిల్లలు అమెరికాలో ఉండి, చూడబోయే తల్లిదండ్రుల కోసం ఒక ముక్క. వయోమింగ్‌లోని ఫాసిల్ బ్యూట్‌లో 5 కోట్ల 20 లక్షల ఏళ్ళ నాటి సరస్సు అడుగు ఉంది. అరచేతిలో పట్టే నైటియా చేపలు గుంపులు గుంపులుగా, ముళ్ళతో సహా దొరికాయి. ప్రభుత్వ స్మారకంలో ఏదీ తీయకూడదు. పక్కన కెమ్మరర్ ఊరి దగ్గర ప్రైవేటు క్వారీలు డబ్బులు తీసుకుని పలకలు చీల్చనిస్తాయి. అక్కడ చేసే తప్పు బలంగా కొట్టడం. ఉలిని పలక పైన కాదు, అంచున పొర గీతలో ఆనించి, చుట్టూ తిప్పుతూ చిన్నగా తట్టాలి. పుస్తకం పేజీ విడిపోయినట్టు విడిపోతుంది. ఒకే చోట గట్టిగా కొడితే చేప నడుముకు పగులు వస్తుంది. 18 అంగుళాల పొర అని ఒకటుంది, దాంట్లో చేప పైకి కనబడదు, రాయి కింద చిన్న ఉబ్బుగా ఉంటుంది. అందుకే రాత్రిపూట పక్కనుంచి దీపం వేసి, ఆ ఉబ్బు నీడను బట్టి వెతుకుతారు.

చంద్రగిరి అబ్బాయి
రాత్రి దీపం వేసి చేపలు పట్టినట్టే ఉందే! సరే, అన్నా, ఆన్‌లైన్‌లో చేప శిలాజం రెండువేలకు అమ్ముతున్నారు. కాలేజీకి ఒకటి కొంటే?

రాతిపొర
కొనే ముందు పక్కనుంచి దీపం వేసి చూడు. రంగుతో గీసిన ముల్లుకు ఎత్తు ఉండదు. గోళ్ళ రంగు తుడిచే ద్రావకంలో దూది ముంచి ఓ మూల రుద్దితే రంగు వచ్చేస్తుంది. రెసిన్‌తో పోసింది అరచేతికి రాయంత చల్లగా తగలదు, తేలికగా ఉంటుంది. ఒకే బొమ్మ రెండు ప్రకటనల్లో కనబడితే అచ్చు పోసిందే. బ్రెజిల్ చేప అని చెప్తే అసలే వద్దు, అక్కడ శిలాజాలు దేశానికే చెందుతాయని 1942 నుంచి చట్టం ఉంది.

తరగతిలో చేత్తో పట్టి చూపించాలంటే సాలగ్రామం చాలు. తిరుపతిలో ఎన్నో ఇళ్ళ పూజ గదిలో ఉంటుంది. నేపాల్ కాళీ గండకి నది నల్లరాతిలోని అమ్మోనైటు అది, చక్రం గుర్తు ఆ ప్రాణి గవ్వ చుట్టు. చేప కాకపోయినా చేపలున్న సముద్రంలోనిదే. ఇంటివాళ్ళను అడిగి, స్నానం చేసి, పూజ వస్తువుగానే భక్తితో చూపించమనండి. పిల్లలు కారైలో అమ్మోనైటును చూడగానే గుర్తుపడతారు.

స్వర్ణముఖి
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. లేఖ ఈ వారమే పంపుతాను. చివరగా రెండు సందేహాలు. పెరంబలూరులో డైనోసార్ గుడ్లు దొరికాయని పిల్లలు వీడియో చూపిస్తున్నారు, నిజమా? వాన వల్ల కారై కుదరకపోతే ఒక్కరోజులో ఇంకేం చూడొచ్చు?

పులిచెర్ల మాస్టారు
గుడ్లు కావు. 2020 అక్టోబరులో కున్నం దగ్గర బయటపడ్డాయి. నిపుణులు చూసి, అమ్మోనైట్ల చుట్టూ ఖనిజం పేరుకున్న గుండ్రటి గడ్డలని తేల్చారు. గుడ్డయితే పెంకు పొర విడిగా, ఒకే మందంతో చుట్టూ కనబడాలి. గడ్డ పగిలితే లోపల ఉల్లిగడ్డ మాదిరి పొరలు గానీ, నడుమ గవ్వ గానీ ఉంటాయి. ఆ వీడియోను పిల్లల చేతనే పరీక్ష పెట్టించండి.

గట్టునేల
కారై కుదరకపోతే సత్యవేడు వైపు పోండి. అక్కడి గులకరాతి పొరలు, ఇసుకరాళ్ళు క్రిటేషస్ తొలి భాగానివి, శ్రీపెరుంబుదూరు పొరలకు తోడు. ఆకుల ముద్రల పొరలు అవి, చేపలు ఆశించకండి. రోడ్డు కోతల్లో ఉదయం చూసుకుని మధ్యాహ్నానికి తిరిగి రావొచ్చు. పచ్చి ఇసుకరాయి కోత కింద నిలబడనీయకండి, వాన తరువాత పెళ్ళలు ఊడుతాయి. బస్సును మలుపులో ఆపకుండా, నేరుగా ఉన్న రోడ్డు పక్కన ఆపించండి. బయలుదేరే ముందు రోజు సాయంత్రం పెరంబలూరులో ఎవరికైనా ఫోన్ చేసి ‘నేల ఆరిందా’ అని ఒక్క మాట అడిగితే, కారైకా సత్యవేడుకా అన్నది అప్పుడే తేల్చుకోవచ్చు.